ఎవరు ఆపారో లెక్కపెట్టండి

విశ్వవిద్యాలయంలో గణిత నమూనాలు బోధించి రిటైరైన మనిషిని. మొదట్లో నా పాఠమంతా మలేరియా, మశూచి, ప్లేగు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, అవే సమీకరణాలతో వాట్సాప్ ఫార్వర్డుల మీదా, ట్విటర్ రీట్వీట్ల మీదా పరిశోధన చేస్తామంటూ పిల్లలు రావడం మొదలైంది. ఇప్పటికీ వస్తున్నారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. లెక్కల డిగ్రీ లేనివాళ్లూ చదువుకోవచ్చు. రెండు మూడు చోట్ల క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే చాలు.

1. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనకు చిన్నప్పుడే చెప్పారు. 1902లో నోబెల్ వచ్చిన సంగతీ చెప్పారు. ఆ తరవాత ఆయన లెక్కల్లోకి దిగిన విషయం మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. దోమలన్నిటినీ చంపలేం కాబట్టి మలేరియాను ఆపలేమని అప్పట్లో చాలామంది వాదించేవాళ్లు. అన్నిటినీ చంపనక్కర్లేదనీ, దోమల సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుందనీ రాస్ సమీకరణాలు కట్టి చూపించాడు. అంటువ్యాధుల గణితానికి ‘హద్దు’ అనే ఆలోచన అలా వచ్చింది.

1901లో రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్లిన యువ వైద్యుడు మెకెండ్రిక్. ఆయన తరవాత మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేశాడు. ఎడింబరో చేరాక, ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఒక వ్యాసం రాశాడు. జనాన్ని మూడు భాగాలు చేశారు: జబ్బు ఇంకా తగలనివాళ్లు, తగిలి ఉన్నవాళ్లు, దాని నుంచి బయటపడినవాళ్లు. ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి ఎంత వేగంగా వెళతారో చెప్పే మూడు అవకలన సమీకరణాలు రాశారు. వాటిని సరిచూసుకున్నది 1905–06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో. సోషల్ మీడియా మీద ఇవాళ వస్తున్న నమూనాల్లో చాలా ఆ మూడు గదుల ఇంట్లోనే కాపురం ఉంటున్నాయి.

ఇంత వెనక్కి ఎందుకు తీసుకెళుతున్నానంటే, అరువు తెచ్చుకున్న సమీకరణంతో పాటు అందులోని ఊహలు కూడా వస్తాయి. ప్లేగు మనిషిని అడిగి అంటుకోదు. మాట అలా కాదు. విన్నవాడు తలుచుకుంటేనే అది ముందుకు పోతుంది.

2. పుకారు ఎలా ఆగుతుందో డేలీ, కెండాల్‌ల దగ్గర నేర్చుకోండి

1964లో ‘నేచర్’ పత్రికలో రెండు చిన్న వ్యాసాలు వచ్చాయి. గాఫ్మన్, న్యూవిల్ రాసినదాంట్లో ఆలోచనలు కూడా అంటువ్యాధుల్లాగే వ్యాపిస్తాయన్నారు. డేలీ, కెండాల్ ఒక మెట్టు పైకెళ్లి, ఎక్కడ అలా వ్యాపించవో కూడా చెప్పారు. నాకు ఈ రెండోది ప్రాణం. ప్రతి బ్యాచ్‌కీ ఇదే మొదటి పాఠంగా చెప్పాను.

వాళ్ల నమూనాలోనూ మూడు రకాల మనుషులు: మాట తెలియనివాళ్లు, తెలిసి చెబుతున్నవాళ్లు, తెలిసీ ఊరుకున్నవాళ్లు. జబ్బు కొన్నాళ్లకు దానంతటదే నయమవుతుంది, ఎవరిని కలిసినా కలవకపోయినా. పుకారు విషయంలో మనిషి ఊరుకునేది ఇంకో మనిషి వల్ల. ఉత్సాహంగా చెప్పబోతాం, ఎదుటివాడు ‘అది నాకు పొద్దున్నే తెలుసు’ అంటాడు. అంతటితో మనకు చెప్పాలన్న ఆసక్తి చచ్చిపోతుంది. పాత వార్త మోసేవాడిగా కనబడటం ఎవరికీ ఇష్టం ఉండదు. ఈ ఒక్క మానవ స్వభావాన్ని సమీకరణంలో పెట్టారు.

ఫలితం చూడండి. జనం అంతా ఎవరితో ఎవరైనా కలిసే పెద్ద ఊళ్లో పుకారు ఒకరితో మొదలైతే, చివరికి సుమారు 20.3 శాతం మంది దాన్ని విననే వినరు. జనం రోజుకు పదిమందిని కలిసినా వందమందిని కలిసినా అదే 20.3. వేగం మారితే ఎంత త్వరగా ముగుస్తుందన్నది మారుతుంది, ఎంతమందికి చేరుతుందన్నది మారదు.

నమ్మకం లేకపోతే ఇలా చేయండి. విననివాళ్ల భిన్నం 0.2 అనుకోండి. ఒకటిలోంచి తీసేస్తే 0.8. రెండుతో గుణిస్తే 1.6. ఇప్పుడు 2.718 అనే సంఖ్యకు మైనస్ 1.6 ఘాతం కడితే 0.2019 వస్తుంది. ఆ 0.2019తో మళ్లీ మొదలుపెట్టండి, 0.2027 వస్తుంది. ఇంకొన్నిసార్లు తిప్పితే 0.2032 దగ్గర నిలబడిపోతుంది. తరగతిలో అందరూ తలోచోట మొదలుపెట్టి అందరూ ఒకే సంఖ్య దగ్గరికి చేరినప్పుడు పిల్లల ముఖాలు చూడటం ఈ వృత్తి నాకిచ్చిన సంతోషాల్లో ఒకటి.

పేపరూ పెన్నూ లేకుండా సిమ్యులేషన్ ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టకండి. ఈ చిన్న లెక్క చేత్తో చేసినవాడికి, కంప్యూటర్ ఇచ్చే జవాబులో ఏది నమూనా గుణమో, ఏది ప్రోగ్రామ్‌లో దొర్లిన పొరపాటో తెలుస్తుంది.

3. ఆపే రేటు మీద మనసు పెట్టండి

నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది.

పై నమూనాలో రెండు రేట్లు ఉంటాయి. తెలియనివాడు వినగానే చెప్పేవాడిగా మారే రేటు ఒకటి, దాన్ని లాంబ్డా అందాం. చెప్పేవాడు, ఆ మాట ముందే తెలిసినవాడు ఎదురుపడగానే ఊరుకునే రేటు రెండోది, అది ఆల్ఫా. రెండూ సమానమైతే మాట దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆల్ఫాను లాంబ్డాకు రెట్టింపు చేయండి, చేరేది 58 శాతానికి పడిపోతుంది. నాలుగింతలు చేయండి, 37 శాతం.

పత్రికల్లో, టీవీల్లో, పరిశోధన వ్యాసాల్లో కూడా చర్చంతా లాంబ్డా చుట్టూనే తిరుగుతుంది. ఏది వైరల్ అయింది, ఎందుకైంది, ఎవరు మొదలుపెట్టారు, ఇవే ప్రశ్నలు. ఆల్ఫా గురించి అడిగేవాళ్లు అరుదు. ఎందుకంటే పంపినవాడి జాడ సర్వర్‌లో ఉంటుంది. చదివి, ఇది నిజం కాదేమో అనుకుని ఫోన్ పక్కన పెట్టేసినవాడి జాడ ఎక్కడా ఉండదు.

2018 వేసవిలో మన తెలుగు ఊళ్లను పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు వణికించాయి. ఎక్కడివో వీడియోలు, ఎప్పటివో ఫొటోలు, వాటికి తెలుగులో భయపెట్టే గొంతు. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు బాధ్యత రెమా రాజేశ్వరి గారిది. అక్కడి పోలీసులకు ఈ సంగతి మొదట తట్టింది ఏ యాప్‌లోంచో కాదు. ఆరుబయట మంచాలేసుకుని పడుకునే ఎండాకాలంలో జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో పడుకుంటున్నారని, ఊళ్లకు కేటాయించిన పోలీసులు గమనించారు. ఆరా తీస్తే వాట్సాప్ వీడియోలు బయటపడ్డాయి. ఆ తరవాత డప్పు పట్టుకుని, పాట కట్టి, ఊరూరా తిరిగి, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పి వచ్చారు.

గణితం చదివినవాడి కళ్లతో దీన్ని చూడండి. లాంబ్డాను వాళ్లు ముట్టుకోలేదు. వీడియో భయంకరంగానే ఉంది, ఫోన్లు ఉన్నాయి, గ్రూపులు ఉన్నాయి. వాళ్లు పెంచింది ఆల్ఫాను. చెప్పబోయినవాడికి ‘అది అబద్ధమంట, మొన్న పోలీసులొచ్చి పాట పాడి మరీ చెప్పారు’ అనే మనిషి ఎదురుపడే అవకాశాన్ని పెంచారు. నమూనాలో ఒక అక్షరంగా కనిపించేది ఊళ్లో ఒక మనిషి నోరు తెరిచి మాట్లాడటం.

అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారు నమ్మిన గుంపు అయిదుగురిని కొట్టి చంపింది. ఈ లెక్కలను కాలక్షేపంగా చూసేవాళ్లకు ఆ ఊరి పేరు గుర్తుచేస్తుంటాను.

4. పుట్టగానే పోయినవాటిని కూడా లెక్కలోకి తీసుకోండి

పెద్దింటివాళ్ల ఇంటిపేర్లు ఎందుకు అంతరించిపోతాయని 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశాడు. వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు కట్టాడు. ఒక్కొక్కరికి ఎంతమంది వారసులు పుట్టే అవకాశం ఎంతెంతో తెలిస్తే వంశం నిలిచే సంభావ్యత చెప్పొచ్చు. వారసుల బదులు ఫార్వర్డులు అనుకోండి, అదే లెక్క. ఒక మెసేజ్ చూసినవాళ్లలోంచి సగటున 1.25 మంది కొత్త ఫార్వర్డర్లు పుడుతున్నారనుకుందాం. సగటు ఒకటి దాటింది కాబట్టి పేలిపోతుందనుకుంటారు కొత్తవాళ్లు. ఫార్వర్డర్ల సంఖ్య పాయిజాన్ విభాజనంలో (విడివిడిగా, యాదృచ్ఛికంగా జరిగేవాటిని లెక్కపెట్టడానికి వాడేది) ఉంటే, అలాంటి మెసేజ్‌లలో కూడా 63 శాతం కొన్ని చేతులు మారగానే ఆరిపోతాయి. పై పాఠంలో ఆల్ఫా నాలుగింతలైనప్పుడు చేరింది 37 శాతం. మిగిలింది 63. రెండు చోట్లా ఉన్నది ఒకే సమీకరణం. సగటు 2 అయితే ఆరిపోయే సంభావ్యత ఎంతో ఊహించండి: 20.3 శాతం.

కాబట్టి వైరల్ అయిన పది మెసేజ్‌లు తీసుకుని, వాటిలో ఏముందో చూసి, ఇదే రహస్యం అని రాసే వ్యాసాన్ని నేను ఒప్పుకోను. సరిగ్గా అదే సరుకుతో పుట్టి చచ్చినవి ఎన్ని? సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో 48 పాటలను 14 వేల మందికి పైగా వినిపించారు. ఇతరులు ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా ఎనిమిది వేర్వేరు లోకాలు తయారుచేశారు. ఒక లోకంలో మొదటి స్థానంలో నిలిచిన పాట ఇంకో లోకంలో 40వ స్థానంలో పడింది. పాట మారలేదు, విన్నవాళ్ల రకమూ మారలేదు. మొదట్లో ఎవరు ఏం నొక్కారన్నదే మారింది.

5. స్నేహితుల సగటు మిమ్మల్ని మోసం చేస్తుంది

‘ఎవరితో ఎవరైనా కలుస్తారు’ అన్న ఊహ సోషల్ మీడియాలో నిలవదు. కొద్దిమందికి లక్షల్లో అనుచరులు, ఎక్కువమందికి పదుల్లో. ఇలాంటి అల్లికలో, దాని పరిమాణం పెరిగేకొద్దీ రాస్ కనిపెట్టిన హద్దు సున్నా వైపు జారిపోతుందని పాస్టర్-సటోరాస్, వెస్పిన్యాని 2001లో చూపించారు. అంటే ఎంత బలహీనమైన మాటైనా ఏదో మూల బతికి ఉండగలదు. స్కాట్ ఫెల్డ్ 1991లో రాసిన ఇంకో సంగతి కూడా దీనికి తోడు: సగటున మీ స్నేహితులకు మీకంటే ఎక్కువమంది స్నేహితులు ఉంటారు. ఎక్కువమందికి తెలిసినవాడు ఎక్కువమంది జాబితాల్లో కనబడతాడు కదా. అందుకే ‘అందరూ ఇదే మాట్లాడుకుంటున్నారు’ అని మీకు అనిపించేది ఆ కొద్దిమంది గొంతు కావచ్చు.

6. కొన్ని మాటలకు ఒక్కసారి వినడం చాలదు

గ్రానోవెటర్ 1978లో ఇచ్చిన ఉదాహరణ చెబుతాను. వందమంది గుంపు. రాయి విసరడానికి మొదటివాడికి ఎవరి తోడూ అక్కర్లేదు. రెండోవాడు ఒకరు విసిరితే విసురుతాడు, మూడోవాడు ఇద్దరు విసిరితే, అలా చివరివాడు తొంభై తొమ్మిది మంది విసిరాక. మొదటివాడు రాయి తీయగానే వందమందీ వరసగా చేరిపోతారు. ఇప్పుడు ఆ రెండోవాడిని తీసేసి, ఇద్దరు విసిరితేనే విసిరేవాడిని పెట్టండి. ఒక్క రాయి పడి గొడవ ముగుస్తుంది. గుంపు సగటు స్వభావం దాదాపు మారలేదు. పేపర్లో మాత్రం ఒకరోజు ‘అల్లరి మూక’ అని, ఇంకోరోజు ‘మతిస్థిమితం లేనివాడి చేష్ట’ అని వస్తుంది.

అపాయం లేని కబురు ఒక్కసారి వింటే చాలు, పాకుతుంది. నమ్మకం మార్చుకోవాల్సినది, ఖర్చుతోనో ప్రమాదంతోనో కూడినది అయితే ఇద్దరు ముగ్గురి నోట వినాలి. డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ఆన్‌లైన్ ప్రయోగంలో, ఒకరికొకరు తెలిసిన గుంపులుగా అల్లిన నెట్‌వర్క్‌లో ఆరోగ్య సంబంధమైన ఒక అలవాటు సుమారు 54 శాతానికి చేరింది. చెల్లాచెదురుగా కలిపిన నెట్‌వర్క్‌లో 38 శాతం దగ్గరే ఆగింది. జబ్బుల లెక్క ప్రకారమైతే ఇది తలకిందులుగా రావాలి.

మన ఇళ్లలో దీన్ని రోజూ చూస్తాం. ఒకే వంటింటి వైద్యం చుట్టాల గ్రూపులో వస్తుంది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వస్తుంది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వస్తుంది, మధ్యాహ్నానికి డాలస్‌లో ఉన్న మేనకోడలు కూడా పంపుతుంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చింది కాబట్టి నిజమేననిపిస్తుంది. నాలుగూ ఒకే బావి నీళ్లని నమూనా గీస్తే తప్ప కనబడదు. ఈ విషయం మీద పని చేసేవాళ్లు ఒకే మనిషి ఎన్ని గ్రూపుల్లో ఉన్నాడో ముందు లెక్క తీయాలి.

7. ఎస్ ఆకారం కనబడగానే సంబరపడకండి

మెల్లగా మొదలై, జోరందుకుని, చదునయ్యే గీత. దాన్ని చూడగానే ‘ఒకరి నుంచి ఒకరికి పాకింది’ అని రాసేస్తారు. 1950లలో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు డాక్టర్లు టెట్రాసైక్లిన్ మందు రాయడం ఎలా మొదలుపెట్టారో కోల్‌మన్, కాట్జ్, మెంజెల్ అధ్యయనం చేశారు. స్నేహాల ద్వారా పాకిందన్న నిర్ణయం దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో వెలిగింది. 2001లో వాన్ డెన్ బుల్టే, లిలియన్ అవే గణాంకాలకు మందుల కంపెనీల ప్రచారం లెక్క కూడా జోడించి చూశారు. పాకిన గుర్తు మాయమైంది. పైనుంచి ఒక పెద్ద గొంతు అందరికీ ఒకేసారి చెప్పడం, పక్కవాడు పక్కవాడికి చెప్పడం, రెండూ ఒకలాంటి గీతనే గీయగలవు. ట్విటర్‌లో వంద కోట్ల సందర్భాలు పరిశీలించిన గోయల్, వాట్స్ బృందానికి కూడా బాగా పేరొందినవాటిలో ఎక్కువ భాగం పెద్ద గొంతుల పనిగానే తేలింది.

8. అబద్ధం పరుగు గురించి రెండు వ్యాసాలూ చదవండి

వోసూఘీ, రాయ్, ఆరల్ 2018లో ‘సైన్స్’ పత్రికలో రాసింది అందరికీ తెలుసు. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తా పరంపరలు చూశారు. అబద్ధాన్ని రీట్వీట్ చేసే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజమైన వార్తకు అబద్ధం కంటే సుమారు ఆరు రెట్లు సమయం పట్టింది. బాట్లు, అంటే ప్రోగ్రామ్‌లు నడిపే ఖాతాలు, నిజాన్నీ అబద్ధాన్నీ సమానంగానే మోశాయి, తేడా తెచ్చింది మనుషులే.

2021లో యూల్, ఉగాండర్ అదే దత్తాంశాన్ని మళ్లీ తీసి, ఒకే పరిమాణం ఉన్న నిజాన్నీ అబద్ధాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. లోతు, వెడల్పు లాంటి తేడాలు దాదాపు చెరిగిపోయాయి. అంటే అబద్ధానికి ప్రత్యేకమైన నడక ఏమీ లేదు. చూసిన మనిషి దాన్ని పంపే సంభావ్యత కాస్త ఎక్కువ, అంతే. దాని ఆకారం చూసి అబద్ధాన్ని పట్టేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లను ఈ వ్యాసం చదివాక కొత్తగా పరీక్షించాలి. మొదటి వ్యాసాన్ని ఉదహరించి రెండోదాన్ని వదిలేసే పరిశోధకుల మీద నాకు కోపం వస్తుంది.

9. హద్దులు పెడితే ఏమవుతుందో మీరే కట్టి చూడండి

రైన్‌పాడా తరవాత, 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి తెచ్చింది. అప్పట్లో గ్రూపులో 256 మంది దాకా ఉండొచ్చు. ఒకడు అయిదు గ్రూపులకు పంపాడు, గ్రూపుకు 200 మంది, మొత్తం వెయ్యి మంది చూశారు. వాళ్లలో ఒక్కడు అదే పని చేస్తే చాలు, మాట బతుకుతుంది. అదే ఒక్క గ్రూపుకే పంపగలిగితే, 200 మందిలో ఒకడైనా పూనుకోవాలి. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌లకు ఒక్క చాట్ పరిమితి పెట్టినప్పుడు, అలాంటివి 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది.

బ్రెజిల్, భారత్, ఇండోనేసియా పబ్లిక్ గ్రూపుల ఆధారంగా 2019లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం, ఇలాంటి కట్టడి వల్ల వేగం తగ్గినా బాగా అంటుకునే సందేశం చివరికి చేరాల్సినంత మందికీ చేరుతుందని చెప్పింది. నాకు ఇది నిరాశ కలిగించలేదు. ఆలస్యం అంటే సమయం. ఆ సమయంలో డప్పు ఊరికి చేరగలిగితే ఆల్ఫా మారుతుంది. ఆలస్యాన్నీ ఆల్ఫానూ కలిపి ఒకే నమూనాలో పెట్టి పరిశోధన చేయమని నా దగ్గరికొచ్చే ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

10. ఇంటింటికీ వెళ్లండి

వాట్సాప్ సందేశాలు 2016 నుంచి పూర్తిగా గుప్తలిపిలో ఉన్నాయి, ఉండాలి కూడా. ట్విటర్ 2023లో ఉచితంగా సమాచారం ఇవ్వడం ఆపేసింది. ఇక దత్తాంశం ఎక్కడిదని పిల్లలు దిగులుపడతారు. 1950లలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ డాడ్ బృందం అమెరికా వైమానిక దళం నిధులతో ఒక పని చేసింది. ఊళ్ల మీద విమానాల నుంచి కరపత్రాలు చల్లి, ఆ మాట ఎవరికి ఎవరి ద్వారా చేరిందో జనాన్నే అడిగి తెలుసుకుంది. ఆ పద్ధతికి ఇప్పటికీ కాలం చెల్లలేదు.

ఒక చిన్న ఊరిని ఎంచుకోండి. కంటి వైద్య శిబిరం కబురు లాంటి, ఎవరికీ హాని లేని నిజమైన సందేశం తీసుకోండి. పంచాయతీకి చెప్పి, జనం సమ్మతితో, పేర్లు రాసుకోకుండా, ప్రతి గడపా ఎక్కండి. నాలుగు ప్రశ్నలు: మీకు ఎప్పుడు తెలిసింది, ఎన్ని దిక్కుల నుంచి తెలిసింది, ఎంతమందికి చెప్పారు, చెప్పకుండా ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నారు. నాలుగో ప్రశ్నకు ‘అవును, కాదు’ గళ్లు పెట్టకండి. వాళ్లు అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. ‘అందరికీ తెలిసిందేలే అనుకున్నా’, ‘నిజమో కాదో మాకేం తెలుసు’, ‘మా ఆయన వద్దన్నాడు’, ‘ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు’. వీటిలో మొదటిది డేలీ, కెండాల్‌ల ఆల్ఫా. రెండోది వేరే ఆల్ఫా. మూడోదానికి ఇంకా ఎవరూ అక్షరం కేటాయించలేదు. నాలుగోది అసలు ఊరుకోవడమే కాదు. ఈ నాలుగింటినీ ఒకే రేటులో కలిపేసిన నమూనా 2018 నాటి గద్వాలను వివరించలేదు. విడదీసి రాసినది తెస్తే కూర్చుని చదువుతాను, సమీకరణాలు సరిచూస్తాను.